బొటనవేలికి చెప్పులు

ఆటు 2118

వాడ సంఘం పెద్ద పోలయ్య గారు ఒక పుస్తకం ఇచ్చి, బడిలో చిన్నపిల్లలకు ఏం నేర్పుతున్నానో ఎప్పటికప్పుడు అందులో రాయమన్నారు. నీళ్ళ మీద తెప్పలతో కట్టిన మిగతా నాలుగు తేలువాడల్లోనూ మన పద్ధతే పెట్టాలని ఆయన ఆశ. అందులో రాయవలసినవన్నీ గుండ్రటి అక్షరాలతో రాస్తున్నాను. ఇది రెండో పుస్తకం. అక్కడ రాయలేనివి ఇక్కడ రాసుకుంటాను. ఇవాళే మొదలుపెట్టడానికి కారణం, ఇవాళే అలాంటి పని ఒకటి చేశాను.

నా పిల్లలు పంతొమ్మిది మంది. అందరూ అయిదారేళ్ళ వాళ్ళు. నీరు వెనక్కి తగ్గి బురద బయటపడబోయే వేళకు మొదటి బూర మోగుతుంది. అరగంటకు రెండో బూర, ఆ వెంటనే ఊపిరాడనివ్వని బురదగాలి లేస్తుంది. ఈలోపల ఒక్కో పిల్లా తన ఇంట్లో ఒంటరిగా అయిదు పనులు చెయ్యాలి. గాలికిటికీ మూయాలి, తలుపు గడియ పెట్టాలి, గుమ్మం కింద తడిగుడ్డ కుక్కాలి, నీళ్ళ సీసా పక్కన పెట్టుకోవాలి, తాడు లాగి ఇంటి బయట తెల్లగుడ్డ దించాలి. అమ్మానాన్నలు అప్పటికే ముసుగులు తగిలించుకుని బురదలోకి దిగడానికి వెళ్ళిపోయి ఉంటారు. లంగర్లు బిగించుకోవాలన్నా గుల్లలు ఏరాలన్నా తెప్పలు నేలకు ఆనిన ఆ రెండు గంటలే దిక్కు. పిల్లల మొహాలకు పట్టే ముసుగులు లేవు. వెనకటికి గదులు వాటంతట అవే మూసుకునేవట. ఆ యంత్రాలన్నీ ఉప్పు తిని చచ్చాయి. బురదగాలి మాత్రం ఆటు ఆటుకూ తప్పకుండా లేస్తుంది.

గడియారం చూపించి నేర్పుదామంటే కుదరదు. ఆటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజుకు ముప్పావుగంట చొప్పున జరుగుతూ పోతుంది. ఈ వారం చద్దన్నం వేళకు వచ్చేది పై వారం మధ్యాహ్నం నిద్ర వేళకు వస్తుంది. అందుకే నేను వేళ నేర్పను, వరుస నేర్పుతాను. అయిదు వేళ్ళకు అయిదు పనులు. బొటనవేలితో మొదలు, చిటికెనవేలితో ఆఖరు. ఒకటి అయ్యాకే రెండోది.

ఇవాళ బొటనవేలి బొమ్మ మార్చేశాను. 'చెప్పులు లోపల పెట్టు' అని కొత్త బొమ్మ గీసి మొదట చేర్చాను. కిటికీ చూపుడువేలికి జరిగింది, మిగతావీ జరిగాయి. నీళ్ళ సీసాకు వేలు మిగల్లేదు కాబట్టి దాన్ని తీసేశాను. చెక్కదారి మీద చెప్పులు వదిలేస్తే పెద్దవాళ్ళు తట్టుకుని పడతారని పిల్లలకు చెప్పాను. మొన్న నేనే పడ్డాను, మోకాలు ఇంకా వాచే ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ఇంకో ఎనిమిది రోజుల్లో మన బడి చూడడానికి పొరుగు వాడల నుంచి టీచర్లు వస్తున్నారు. బూర మోగించే మంచె మీద నుంచి చూస్తే చెక్కదారులన్నీ శుభ్రంగా కనబడాలని నా యావ.

పాత అయిదు పనుల్లో ఒక్కొక్కటీ ఎవరో ఒక పిల్ల పోయాక సంఘం కూర్చుని పెట్టింది. ఈ కొత్తదాన్ని నా మోకాలూ నా గొప్పా కలిసి పెట్టాయి. పోలయ్య గారికి చెప్పలేదు. ఒకటి రెండు రోజుల్లో చెబుతాను.

ఆటు 2122

వీరకుమారి బడికి వచ్చింది. నా దగ్గర చదివే ఓలేటి నూకరత్నానికి తల్లి. లంగర్ల జట్టులో పని చేస్తుంది. ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే. మనిషి మాటకారి, నవ్విందంటే నాలుగు తెప్పల అవతలికి వినబడుతుంది.

“మా పిల్లకేం నేర్పేరండీ బాబూ,” అంది. “పొద్దుట్నించీ మెతుకు ముట్టలేదండి.”

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“ఒళ్ళు లక్షణంగా ఉందండి. పళ్ళు తోముకునే బ్రష్షు చెక్కల సందులోంచి నీళ్ళలో పడిపోయిందంట. పళ్ళు తోముకుంటేగానీ మొహం కడుక్కోకూడదంట, మొహం కడుక్కుంటేగానీ అన్నం తినకూడదంట. వేలితో తోమేసుకోవే అంటే, బొమ్మలో అలా లేదంటదండి.”

పొద్దుటి పనులకు ఆ బొమ్మలు గీసి ఇచ్చింది కూడా నేనే. పడీ పడీ నవ్వాను.

“మంచిదే కదమ్మా. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలు ఎంతమంది దొరుకుతారు?”

“మంచిదేలెండి,” అని తనూ నవ్వింది. “కాపోతే అలా కూర్చుండిపోతే ఎలాగండి? ఏదన్నా దొరక్కపోతే ఏం చెయ్యాలో కూడా కాస్త చెబుదురూ.”

“చెబుతాలే,” అన్నాను. నా పెట్టెలోంచి కొత్త బ్రష్షు ఒకటి తీసి ఇచ్చాను. దాంతో ఆ సంగతి అయిపోయిందనుకున్నాను. పోలయ్య గారి పుస్తకంలో మాత్రం, పిల్లలు వరుసను ఇళ్ళలో కూడా పాటిస్తున్నారని ఒక తల్లి స్వయంగా వచ్చి చెప్పినట్టు రాశాను. బ్రష్షు మాట రాయలేదు.

ఆటు 2128

బడిలో ఉత్తుత్తి బూర ఊది పిల్లల చేత వరుస చేయించాను. మూలగదిని ఇల్లనుకోవాలి. ఒక్కొక్కరే వెళ్ళి అయిదు పనులూ చేసి రావాలి. నూకరత్నం వంతు వచ్చేసరికి, అంతకుముందు వెళ్ళిన గడుగ్గాయి ఎవడో గుమ్మం కింద పెట్టాల్సిన గుడ్డ పట్టుకుపోయాడు. చెప్పులు లోపల పెట్టింది, కిటికీ మూసింది, గడియ పెట్టింది. ఉంగరపు వేలు పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుడ్డ కోసం అటూ ఇటూ చూసింది. తాడు చేతికి అందేంత దూరంలోనే ఉంది, లాగలేదు. నేను ఆట ముగిసినట్టు గంట కొట్టేదాకా ఆ వేలు దించలేదు.

“చూశారా, వరుస అంటే ఇలా ఉండాలి,” అని అందరి ముందూ మెచ్చుకుని దాని బుగ్గ మీద సుద్దముక్కతో నక్షత్రం గీశాను. మిగతా పిల్లలు కుళ్ళుకున్నారు. దాని మొహం వెలిగిపోయింది.

వీరకుమారి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏదైనా దొరక్కపోతే ఏం చెయ్యాలో చెప్పాలి. చెబితే ఈ వయసు పిల్లలు తికమకపడతారేమో, చూడవచ్చేవాళ్ళ ముందు తడబడతారేమో అనిపించింది. వాళ్ళు వచ్చి వెళ్ళాక చెబుదామని ఊరుకున్నాను. పోలయ్య గారికి బొటనవేలి సంగతి కూడా ఇంకా చెప్పలేదు. రెండూ ఒకేసారి చూసుకోవచ్చు.

ఆటు 2134

ఇప్పుడే రాయాలి. రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుని రాస్తానని భయంగా ఉంది.

రెండో వాడ నుంచి ఒకరు, నాలుగో వాడ నుంచి ఒకరు టీచర్లు వచ్చారు. బురదగాలి అందనంత ఎత్తున ఉన్న బూర మంచె మీదికి తీసుకెళ్ళాను. ఆటు వేళ బూర మోగించేది నేనే, తెల్లగుడ్డలు లెక్కపెట్టేదీ నేనే. మొదటి బూర నొక్కాను. చెక్కదారులన్నీ ఊడ్చి పెట్టినట్టున్నాయి. తెల్లగుడ్డలు ఒకటొకటిగా దిగుతున్నాయి. వాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేను వేళ్ళు చూపిస్తూ వివరిస్తున్నాను. పద్దెనిమిది దిగాయి.

పంతొమ్మిదోది నూకరత్నం ఇల్లు. “ఆ పిల్ల కాస్త నిదానం,” అన్నాను. “కానీ వరుస తప్పదు, చూడండి.” రెండో బూర వేళ అయింది, నొక్కాను. గుడ్డ దిగలేదు. మంచె దగ్గర ముసుగు కొక్కేనికి వేలాడుతూనే ఉంది. అప్పుడే తగిలించుకుని పరిగెత్తి ఉండాలి. వాళ్ళ ముందు కంగారు పడడం నామోషీ అనిపించింది. ఇంకాస్త చూద్దాం అన్నాను. ఎంతసేపు చూశానో నాకు తెలుసు. వాళ్ళిద్దరూ తమ బడుల గురించి ఏదో చెబుతుంటే తలాడిస్తూ మొత్తం విన్నాను.

నేను వెళ్ళేసరికి నూకరత్నం గుమ్మం బయట చెక్కదారి మీద బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి చెక్కల సందులోంచి బురదలోకి వేలాడుతోంది. గడపకు లోపల ఒక చెప్పు, ఒకటే చెప్పు, బొమ్మలో ఉన్నట్టే గోడకు ఆనించి పెట్టి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. కిటికీ తీసే ఉంది. పిల్లను లోపలికి లాక్కెళ్ళి అన్నీ మూసి, నా ముసుగు తీసి దాని మొహానికి అదిమి పట్టుకున్నాను. ఊపిరి ఉంది.

నీరు మళ్ళీ ఎక్కాక అందరూ వచ్చారు. నా ప్రాణాలకు తెగించి పిల్లను కాపాడానన్నారు. వీరకుమారి బురద కాళ్ళతోనే వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. నాలుగో వాడ టీచరు కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు ఇద్దరూ మా బొమ్మల కట్టలు నాలుగు వాడలకూ సరిపడా తీసుకుని వెళ్ళారు. కట్టిచ్చింది పోలయ్య గారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆటు 2136

నూకరత్నానికి తెలివి వచ్చింది. గొంతు బొంగురు పోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వెలుతురు చూడలేకపోతోంది. మందులామె, బతుకుతుందిగానీ ఈ గొంతు ఇలాగే ఉండిపోవచ్చు అంది. వీరకుమారి గంజి కాయడానికి లేచినప్పుడు దాని పక్కన కూర్చున్నాను.

“లోపలికి ఎందుకు పోలేదమ్మా?”

“చెప్పు దొరకలేదు టీచర్. ఒకటే ఉంది.”

“దొరక్కపోతే పోనీ, కిటికీ మూసేయొచ్చు కదా?”

నేను అడిగింది దానికి అర్థం కాలేదు. బొటనవేలు చూపించి, తర్వాత చూపుడువేలు చూపించింది. “కిటికీ రెండోది కదండి,” అంది.

బడికి వెళ్ళి మిగతా పద్దెనిమిది మందినీ అడిగాను. చెప్పు కనబడకపోతే ఏం చేస్తారు? వెతుకుతాం, అన్నారు అందరూ ఒకే గొంతుతో. ఎంతసేపు? దొరికేదాకా. అక్కడికక్కడే ఆ బొమ్మ తీసేయించాను. ఇకనుంచి చెప్పుల పని లేదు, కిటికీతోనే మొదలు అన్నాను. పిల్లలు తమ చేతుల వంక చూసుకున్నారు. “మరి బొటనవేలికి ఏం లేదా టీచర్?” అని అడిగారు. బొటనవేలికి కిటికీ అని సాయంత్రం దాకా చెప్పించాను. ఎందుకు మార్చామో మాత్రం చెప్పలేదు.

ఆటు 2138

పోలయ్య గారు వచ్చి, జరిగినదంతా రాసి ఇమ్మన్నారు. సంఘం కట్టుబాటు ఒకటి ఉంది. పిల్ల గది మూయకుండా దొరికితే, అది ఇంటివాళ్ళ అజాగ్రత్త అని తేలితే, తల్లి ముసుగు వెనక్కి తీసుకుంటారు. పిల్లను మెట్ట మీద వసతిగృహానికి పంపేస్తారు. పదేళ్ళు వచ్చేదాకా అక్కడే. ముసుగు లేని మనిషికి తేలువాడలో పని ఉండదు. పిల్లతోపాటు మెట్టకు పోదామన్నా అక్కడ పెద్దవాళ్ళను రానివ్వరు.

“మీరు రాసేదాన్ని బట్టే ఉంటదండి,” అన్నారాయన. “కళ్ళారా చూసినోరు మీరే కదా.”

రాశాను. చెప్పు ఒకటి కనబడకపోవడం వల్ల పిల్ల ఆలస్యం చేసింది అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన చదివి, చెప్పులు సరిగ్గా పెట్టుకోవడం కూడా నేర్పని ఇల్లన్న మాట, అన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. వెనకాలే పరిగెత్తి ఆ కాగితం లాక్కోవాలనిపించింది. అనిపించడమే, కదల్లేదు.

సాయంత్రం వీరకుమారి ఎండు రొయ్యలు పొట్లం కట్టుకుని వచ్చింది.

“నా పిల్లను కాపాడేరు. దీంతో తీరేది కాదని నాకు తెలుసండి,” అంది. “రేప్పొద్దున్న సంఘంలో మీరొక్క మాట చెబితే వింటారండి. ఆ చెప్పులు నేను సరిగ్గానే పెట్టేనండి. ఒకటి ఎలా జారిందో తెలీదండి. నేను అజాగ్రత్త మనిషిని కాదని ఒక్క మాట చెప్పండి చాలు.”

చెబుతానన్నాను. పొట్లం వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. అది వంటింట్లో ఉంది. అటువైపు వెళ్ళకుండా తిరుగుతున్నాను. ఇదివరకు నాకు పిరికిదాన్నని తెలియదు. ఎవరైనా అంటే పోట్లాడి ఉండేదాన్ని.

ఆటు 2140

సంఘం కూర్చుంది. పోలయ్య గారు నా కాగితం చదివారు. వీరకుమారి చేతులు కట్టుకుని నిలబడింది. నన్ను చూసి ధైర్యంగా తల ఊపింది. ఆ ఊపడం చూశాక ఇక నావల్ల కాలేదు.

బొటనవేలి బొమ్మ తీసి బల్ల మీద పెట్టాను. “ఆ పిల్ల చెప్పు కోసం వెతికింది నేను చెప్పాను కాబట్టి,” అన్నాను.

పోలయ్య గారు బొమ్మ చేతిలోకి తీసుకుని తిరగేశారు. “ఇది మన అయిదింట్లో లేదు కదండి. ఎవరు పెట్టేరు?”

“నేనే. మీకు చెప్పకుండా పెట్టాను. ఒకటి అవ్వందే రెండోది ముట్టుకోకూడదని నేర్పిందీ నేనే. రెండో బూర తర్వాత గుడ్డ దిగలేదని చూసి కూడా, చూడవచ్చినవాళ్ళ ముందు పరువు పోతుందని మంచె మీదే నిలబడ్డాను.”

“ఈ బొమ్మలు నాలుగు వాడలకీ పంపేశాం కదండి,” అన్నారు పోలయ్య గారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. పడవలో అప్పటికప్పుడే నాలుగు వాడలకూ కబురు పంపించారు.

నాకు మిగిలిన పని వీరకుమారి వైపు చూడడం. చూశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

“బ్రష్షు సంగతి మీకు చెప్పేను కదండి,” అంది.

“చెప్పావమ్మా.”

“మా పిల్ల మీరు చెప్పింది ఒక్కటీ తప్పలేదండి.” అంతే అంది. ఇక నా వైపు చూడలేదు.

పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది, ముసుగు తల్లి దగ్గరే ఉంటుంది అని సంఘం తేల్చింది. నన్ను బడి నుంచీ బూర నుంచీ తీసేశారు, మంచె దగ్గరి ముసుగు కూడా ఇక నాది కాదు. నాలుగు వాడలూ తిరిగి ప్రతి పిల్ల చేతి నుంచీ ఆ బొమ్మ నేనే వెనక్కి తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నానో ప్రతి పిల్లకూ నా నోటితోనే చెప్పాలి. ఆ శిక్ష ఎవరు ఆలోచించారో గానీ సరిగ్గా ఆలోచించారు.

ఆటు 2158

తొమ్మిది రోజులు పట్టింది. అరవై రెండు బొమ్మలు తెచ్చాను. అరవై రెండుసార్లు, టీచర్ తప్పు చెప్పింది, ఏదైనా దొరక్కపోతే వదిలేసి కిటికీ మూసెయ్యాలి అన్నాను. పెద్దవాళ్ళ ముందు చెప్పడం తేలిక. అయిదేళ్ళ పిల్లలు నమ్మరు. టీచర్లు తప్పు చెబుతారా, అని నాలుగో వాడలో ఒక పిల్ల నన్ను ఓదార్చడానికి చూసింది.

మన వాడలో పద్దెనిమిది మందికీ చెప్పేశాను, ఇక మిగిలింది ఒక్క ఇల్లు. మధ్యాహ్నం నీరు నిండుగా ఉన్నప్పుడే వెళ్ళి ఉండాల్సింది. వీరకుమారి ఎదుట నిలబడే ధైర్యం లేక, ఆమె బురదలోకి దిగే వేళ చూసుకుని బయల్దేరాను. ఇంత జరిగాక కూడా నేను చూసుకున్నది నా సుఖమే. నూకరత్నానికి ఏం చెప్పాలో దారిపొడవునా వల్లె వేసుకున్నాను. నన్ను క్షమించమని అడగాలి, గొంతు గురించి అడగాలి, తప్పు దానిది కాదని దానికి అర్థమయ్యేట్టు చెప్పాలి. నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి మొదటి బూర మోగింది.

నూకరత్నం గుల్లలతో ఆడుకుంటోంది. బూర వినగానే వాటిని అక్కడే వదిలేసి లేచింది. ముందు కిటికీ మూసింది. మంచం కింద వెతికి నీళ్ళ సీసా తీసి చూసింది, సగమే ఉంది, కుండలోంచి నింపుకుంది. గుమ్మం కింద పెట్టే గుడ్డ ఆరేసిన చోట లేదు. ఒక్క క్షణం ఆగింది. నేను నోరు తెరవబోయాను. అది అమ్మ పాత పరికిణీ ఒకటి లాగి నీళ్ళలో ముంచుకుంది. వేళ్ళు లెక్కపెట్టలేదు. పరికిణీ పట్టుకుని గడప దగ్గరికి వచ్చాక నన్ను చూసింది.

“నూకరత్నం, నీకొక మాట చెప్పాలని వచ్చానమ్మా,” అన్నాను.

“పోటొచ్చాక చెప్పండి టీచర్,” అంది. ఆ బొంగురు గొంతు ముసలివాళ్ళ గొంతులా ఉంది. “మీ ఇల్లు ఆ చివరికి కదండి. మీరు మెల్లిగా నడుస్తారు. ఇప్పుడు బయల్దేరితేనే అందుతారు.”

“ఒక్క నిమిషమేనమ్మా.”

“నిమిషం లేదండి. వెళ్ళేక మీరు కూడా కిటికీ మూయాలి, గడియెట్టాలి, గుడ్డ తడపాలి. మీ ఇంట్లో కూడా మీరొక్కరే కదండి.”

నా నడకను కూడా లెక్కలో వేసుకుంది. ఇది నేను నేర్పింది కాదు. నేర్పాల్సింది ఇదే. వెళ్తానమ్మా అన్నాను. అది తలుపు వేసి గడియ పెట్టుకుంది. రెండు అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తే తెల్లగుడ్డ దిగింది.

వాడ చివరిదాకా పరుగులాంటి నడక నడిచాను. నా గది కిటికీ మూసి, గడియ పెట్టి, గుడ్డ తడిపి గుమ్మం కింద కుక్కుతుండగా రెండో బూర మోగింది. ఆ ఒక్క నిమిషం అక్కడ నిలబడి చెప్పాలనుకున్నది చెప్పి ఉంటే అందేదాన్ని కాదు.